డస్ట్ కలెక్టర్ మార్చే ముందు: బ్యాగులా, సైక్లోనా, సెంట్రల్ సిస్టమా?

ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పొట్టు, దుమ్ము లాగే డస్ట్ కలెక్టర్ మాట రాగానే అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని హెచ్‌పీ?" అమ్మేవాళ్లూ అదే లెక్కలో చెప్తారు. మూడు హెచ్‌పీ, రెండు బ్యాగులు, ఇంత రేటు. మెషిన్ వస్తుంది, కొన్నాళ్లు బాగానే లాగుతుంది, ఆ తర్వాత బోర్డులు కోసే ప్యానెల్ సా చుట్టూ మళ్లీ అదే పొట్టు. అప్పుడు పక్కన ఇంకో మూడు హెచ్‌పీ పెడతారు. ఇందులో మోటారు తప్పేమీ లేదు. దుమ్ము పుట్టే చోట ఎంత గాలి లాగాలి, పుట్టేది ముతక పొట్టా మెత్తటి పొడా అన్నది తేల్చుకోకుండా కొన్నందుకే ఈ తిప్పలు. ఆ రెండూ తేలితే ఏ సిస్టమ్ కొనాలో దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

ముందు దుమ్ము సంగతి. థిక్‌నెస్ ప్లేనర్ కింద పడే చిత్రిక పొట్టు చూడ్డానికి గుట్టలా కనిపిస్తుంది కానీ దానితో పెద్ద ప్రమాదం లేదు. బరువుగా ఉంటుంది, కింద పడుతుంది, చీపురుకి వస్తుంది. అసలు చిక్కు కంటికి కనిపించని దానితోనే. ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే బోర్డు) కోసినప్పుడు, బోర్డుని నునుపు చేసే వైడ్ బెల్ట్ శాండర్ తిరిగినప్పుడు లేచే పొడిలో 10 మైక్రాన్లకన్నా సన్నటి రేణువులు గంటల తరబడి గాల్లోనే తేలుతూ ఉంటాయి. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లేవి అవే. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి గ్రూపులో చేర్చింది. ముక్కు లోపల, దాని పక్కనుండే సైనస్ గదుల్లో వచ్చే క్యాన్సర్ అది. ఎండీఎఫ్, ప్లైవుడ్ జిగుర్లలో ఉండే ఫార్మాల్డిహైడ్ కూడా తర్వాత అదే గ్రూపులో చేరింది. గట్టి కలప దుమ్ముకి యూరప్‌లో ఇప్పుడున్న పరిమితి ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ అయితే 1 మిల్లీగ్రామే సిఫార్సు చేస్తుంది. సాయంత్రం వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు షెడ్డులో గాలి పొగమంచులా కనిపిస్తోందంటే ఈ అంకెలు దాటామా లేదా అని మీటరు పెట్టి చూడక్కర్లేదు.

గాలి లెక్క

డక్ట్‌లో చెక్క పొట్టు కింద పడిపోకుండా సాగాలంటే గాలి వేగం సెకనుకి సుమారు 20 మీటర్లు ఉండాలి, అంటే నిమిషానికి 4,000 అడుగులు. ఈ వేగం దగ్గర 4 అంగుళాల పైపులో వెళ్లేది దాదాపు 350 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపు అడుగుల గాలి అని). 5 అంగుళాల్లో 545, 6 అంగుళాల్లో 785, 8 అంగుళాల్లో 1,400. ఈ నాలుగు అంకెలూ షెడ్డు గోడ మీద రాసిపెట్టుకోండి. మెషిన్‌కి ఉన్న డస్ట్ పోర్టు సైజు చూస్తే దానికెంత గాలి కావాలో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

చర్లపల్లిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఉండే మధ్యరకం మాడ్యులర్ ఫర్నిచర్ యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఒక స్లైడింగ్ ప్యానెల్ సాకి కింద 5 అంగుళాలు, పైన గార్డుకి 4 అంగుళాలు, మొత్తం 900. థిక్‌నెస్ ప్లేనర్‌కి 800. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ రౌటర్‌కి 1,400. బోర్డు అంచుకి పట్టీ అంటించే ఎడ్జ్ బ్యాండర్‌కి మూడు పోర్టులు, 1,600. ఈ నాలుగూ కలిపి 4,700 సీఎఫ్‌ఎం, గుండుగుత్తగా 5,000 అనుకుందాం. శాండర్‌కి ఇంకో 1,600 కావాలి కానీ దాన్ని ఈ లెక్కలో కలపలేదు, ఎందుకో కిందకి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు బ్రోచర్ తీసి చూడండి. అందులో రాసిన సీఎఫ్‌ఎం చాలాసార్లు పైపులూ బ్యాగులూ ఏమీ లేకుండా ఫ్యాన్ ఖాళీగా తిరిగినప్పటి అంకె. పది అడుగుల ముడతల హోస్ తగిలించి, బ్యాగుకి దుమ్ము పట్టాక అందులో సగం మిగలడం మామూలే. అందుకే అమ్మేవాళ్లని అడగాల్సింది "ఎంత సీఎఫ్‌ఎం" అని కాదు, "ఏ స్టాటిక్ ప్రెషర్ దగ్గర ఎంత సీఎఫ్‌ఎం" అని. పైపులూ బ్యాగులూ గాలికి పెట్టే అడ్డే ఆ ప్రెషర్. ఎంత అడ్డుకి ఎంత గాలి వస్తుందో చూపే ఫ్యాన్ కర్వ్ కాగితం చూపించమనండి. కాగితం లేదన్నారంటే ఇంకో చోట అడగండి.

ఒక్కో మెషిన్‌కి ఒక్కో బ్యాగు కలెక్టర్

చక్రాల మీద తిరిగే రెండు మూడు హెచ్‌పీ బ్యాగు కలెక్టర్‌ని తీసిపారేయడానికి లేదు. మూడు మెషిన్లున్న యూనిట్‌కి, అవీ ఒకేసారి నడవకపోతే, ఇదే సరైన ఎంపిక. పెట్టుబడి తక్కువ, డక్ట్ పని లేదు, అద్దె షెడ్డు ఖాళీ చేయాల్సి వస్తే వెంట తీసుకెళ్లొచ్చు. నడిచే మెషిన్ దగ్గరే కరెంటు కాలుతుంది.

దీనితో ఇబ్బంది బ్యాగు దగ్గర వస్తుంది. పల్చటి గుడ్డ బ్యాగు ముతక పొట్టుని పట్టి, మెత్తటి దుమ్ముని గుడ్డ సందుల్లోంచి మళ్లీ షెడ్డులోకే ఊదేస్తుంది. అంటే నేల మీద పడి ఉండాల్సిన దుమ్ముని మనమే కరెంటు ఖర్చుపెట్టి మనిషి ముక్కు ఎత్తుకి లేపుతున్నామన్నమాట. ఈ రకమే కొనేట్టయితే మందపాటి పాలిస్టర్ నీడిల్ ఫెల్ట్ బ్యాగు అడిగి వేయించుకోండి. గుడ్డ విస్తీర్ణం కూడా పెంచమనండి, లేకపోతే మందపాటి గుడ్డ గాలిని ఆపేస్తుంది. వీలైతే కలెక్టర్‌ని గోడకి అవతల, రేకు నీడలో పెట్టి పైపు ఒక్కటే లోపలికి తీసుకోండి. ఇంకో సంగతి, ఇందులో పొట్టు ముందు ఫ్యాన్ రెక్కల మీదుగానే పోతుంది. పాత కలపలో ఉండిపోయిన మేకు ఒకటి ఇనుప రెక్కకి కొట్టుకుంటే నిప్పురవ్వ నేరుగా బ్యాగులో పడుతుంది.

ఎండీఎఫ్ ఎక్కువగా కోసేవాళ్లకి ఈ దారి నేను చెప్పను.

సైక్లోన్ ఉండాలా, వద్దా

సైక్లోన్ అంటే మనవాళ్లకి ఒక మోజు. కోన్ ఆకారంలో గాలి గిర్రున తిరిగి, బరువైన పొట్టు గోడకి కొట్టుకుని కింద డ్రమ్ములో పడుతుంది, సన్నటిది మాత్రం గాలితో పాటు పైకి పోతుంది. 10 మైక్రాన్ల కిందకి దాని పట్టు బాగా తగ్గిపోతుంది కాబట్టి సైక్లోన్ పెట్టినా వెనకాల ఫిల్టర్ తప్పదు. "సైక్లోన్ ఉంది కదా, గాలి బయటికి వదిలేద్దాం" అంటే పక్క షెడ్డు రేకుల మీద మీ టేకు పొడి కనిపిస్తుంది, ఆ తర్వాత పక్క షెడ్డు ఓనరూ కనిపిస్తాడు.

పైగా ఇది ఊరికే రాదు. మన 5,000 సీఎఫ్‌ఎం సిస్టమ్‌కి హుడ్లు (మెషిన్ దగ్గర దుమ్ము లాగే మూతులు), డక్ట్, ఫిల్టర్ కలిపి 250 మిల్లీమీటర్ల వాటర్ గేజ్ (నీటి మట్టంతో చెప్పే గాలి ఒత్తిడి) నిరోధం అనుకుంటే, ఫ్యాన్ 65 శాతం సామర్థ్యంతో దాదాపు 9 కిలోవాట్లు తీసుకుంటుంది. 15 హెచ్‌పీ మోటారు సరిపోతుంది. మధ్యలో సైక్లోన్ వచ్చి ఇంకో 100 మిల్లీమీటర్లు తింటే అది పన్నెండున్నర కిలోవాట్లకి చేరుతుంది, మోటారు 20 హెచ్‌పీకి వెళ్తుంది. రోజుకి 8 గంటలు, నెలకి 26 రోజులు, యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే మొదటిదానికి నెలకి 15 వేల రూపాయల కరెంటు, రెండోదానికి 21 వేలు. అంటే సైక్లోన్ నెలనెలా ఆరు వేల జీతం తీసుకుంటుంది. ఆ జీతానికి తగ్గ పని మీ దగ్గర ఉందా అన్నదే ప్రశ్న.

టేకు, వేప, మద్ది లాంటి గట్టి కలపతో తలుపులు, గుమ్మాలు, మంచాలు చేసేవాళ్లకి ఉంది. ప్లేనర్, స్పిండిల్ మౌల్డర్ గంటకో డ్రమ్ము పొట్టు పోస్తాయి. అదంతా నేరుగా బ్యాగుల మీదికి వెళితే పొడుగు పొడుగు పీచులు బ్యాగుల మధ్య చుట్టుకుపోతాయి. సైక్లోన్ పెడితే బ్యాగుల ఆయుష్షు పెరుగుతుంది, పొట్టు విడిగా శుభ్రంగా దొరుకుతుంది, అమ్ముకోవచ్చు. గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాలకి లిట్టర్ కింద పోతుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొడి కలిసిన పొట్టుని మాత్రం కోళ్ల కిందికి పంపకండి, అందులో జిగురు ఉంటుంది.

ప్లై, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు తప్ప ఇంకేమీ కోయని మాడ్యులర్ కిచెన్ యూనిట్‌కి మాత్రం సైక్లోన్ డబ్బు దండగ అనే అంటాను. దాని దుమ్ములో సైక్లోన్ పట్టుకోగలిగింది తక్కువ. ఆ డబ్బుతో బ్యాగుల సంఖ్య పెంచుకోవడం మేలు.

పల్స్ జెట్ బ్యాగ్ ఫిల్టర్

నాలుగైదు మెషిన్లు ఒకేసారి నడిచే చోట చివరికి వచ్చి చేరేది ఇక్కడికే, మెషిన్ల పైపులన్నీ ఒకచోటికి చేరే సెంట్రల్ సిస్టమ్‌కి. షెడ్డు బయట ఒక పెద్ద పెట్టె, లోపల వరుసగా ఫెల్ట్ బ్యాగులు. గాలి బ్యాగు బయటి నుంచి లోపలికి పోతుంది, దుమ్ము బయట పొరలా పడుతుంది, మధ్యమధ్యలో కంప్రెసర్ గాలి ఒక్క కుదుపు ఇచ్చి ఆ పొరని కింద తొట్టిలోకి రాలుస్తుంది. ఫ్యాన్ శుభ్రమైన గాలి వైపు ఉంటుంది కాబట్టి మేకు రెక్కకి తగిలే సమస్య కూడా పోతుంది.

ఇక్కడ బేరం చేసేటప్పుడు చూడాల్సిన అంకె ఒక్కటే, గుడ్డ విస్తీర్ణం. నిమిషానికి వచ్చే గాలిని మొత్తం గుడ్డతో భాగిస్తే బోర్డు దుమ్ముకి నిమిషానికి 2 మీటర్లు దాటకూడదు. 5,000 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి 142 ఘనపు మీటర్లు, కాబట్టి 71 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న బ్యాగు ఒక్కోటి 1.4 చదరపు మీటర్లు, అంటే 50 బ్యాగులు. ఒకరు 50 బ్యాగులతో, ఇంకొకరు 32 బ్యాగులతో కొటేషన్ ఇచ్చి రెండోవాళ్లు లక్ష తక్కువ చెప్తే, ఆ లక్ష ఎక్కడ మిగిలిందో మీకు అర్థమైపోతుంది.

ముడతల కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు కూడా చూపిస్తారు. తక్కువ చోటులో ఎక్కువ విస్తీర్ణం వస్తుంది, నిజమే. పీచు పొట్టు ఆ ముడతల్లో ఇరుక్కుంటే పల్స్ ఎంత కొట్టినా రాలదు. ప్లేనర్ లేని చోట ఆలోచించొచ్చు.

విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల వాళ్లు కంప్రెసర్ లైన్‌కి డ్రయ్యర్ కూడా కొటేషన్‌లో రాయించుకోవాలి. వానాకాలం కంప్రెసర్ గాలితో వచ్చిన తడి బ్యాగు మీద దుమ్ముని అట్టలా గట్టిపరుస్తుంది. ఫిల్టర్ ముందూ వెనకా ప్రెషర్ తేడా చూపించే చిన్న గేజ్ ఉండి తీరాలి. అది రోజూ చూసేవాడికి బ్యాగు ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫ్యాన్ మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ గురించి ఒక మాట. ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగం అవుతుందన్నది ఫ్యాన్ సూత్రమే, అబద్ధం కాదు. కానీ సగం మెషిన్లు ఆపి, వాటి పైపుల గేట్లు మూసి ఫ్యాన్ తగ్గిస్తే మెయిన్ డక్ట్‌లో వేగం 20 మీటర్ల కిందకి పడి పొట్టు పైపులోనే పేరుకుంటుంది. వీఎఫ్‌డీ కొనండి కానీ కనీస వేగం ఎంతో లాక్ చేయించండి.

శాండర్‌ని ఎందుకు విడదీయాలి

వైడ్ బెల్ట్ శాండర్ ఇచ్చేది అన్నిటికన్నా మెత్తటి పొడి, అన్నిటికన్నా ఎక్కువ రాపిడి వేడి. బెల్ట్ తెగినా, బోర్డులో స్టేపుల్ పిన్ ఉన్నా నిప్పురవ్వ ఖాయం. అలాంటి రవ్వ ప్లేనర్ పొట్టు నిండిన తొట్టిలోకి పోయే దారి మనమే వేసి ఇవ్వకూడదు. అందుకే దానికి విడిగా, షెడ్డు బయట, ఎక్కువ గుడ్డ ఉన్న ఫిల్టర్ కావాలి. 1,600 సీఎఫ్‌ఎంకి సుమారు 40 చదరపు మీటర్లు. చెక్క పరిశ్రమకి అమెరికాలో రాసుకున్న అగ్ని భద్రతా ప్రమాణాలు కూడా షెడ్డు లోపల పెట్టే బ్యాగు కలెక్టర్లకి 5,000 సీఎఫ్‌ఎం హద్దు పెట్టాయి, మెషిన్ ఫీడ్ ఉన్న (బోర్డుని తనే లోపలికి లాక్కునే) శాండర్లని వాటికి కలపొద్దన్నాయి.

చేత్తో పట్టుకునే ఆర్బిటల్ శాండర్లు, ట్రిమ్మర్లు వేరే జాతి. వాటికి సెంట్రల్ లైన్ నుంచి హోస్ లాగితే పని జరగదు. సన్నటి గొట్టంలో గట్టిగా లాగే ఇండస్ట్రియల్ వ్యాక్యూమ్ కావాలి. యూరప్ ప్రమాణాల్లో మధ్యస్థ ప్రమాదం ఉన్న దుమ్ముకి చెప్పే ఎం క్లాస్ రకం అడగండి. ఫినిషింగ్ సెక్షన్‌లో నలుగురు కుర్రాళ్లు రోజంతా చేతి శాండర్లతో ఉంటే, నా ఓటు సెంట్రల్ సిస్టమ్‌కన్నా ముందు ఈ వ్యాక్యూమ్‌లకే.

కలెక్టర్ పెట్టాక వెంటిలేషన్ కూడా అయిపోయినట్టేనా?

కాదు. 100 అడుగుల పొడవు, 60 వెడల్పు, 20 ఎత్తు ఉన్న షెడ్డులో 1,20,000 ఘనపు అడుగుల గాలి ఉంటుంది. 5,000 సీఎఫ్‌ఎం గంటకి 3,00,000 ఘనపు అడుగులు లాగుతుంది. అంటే గంటకి రెండున్నర సార్లు గాలి మారుతుంది. మే నెలలో రేకుల షెడ్డు వేడికి అది ఏ మూలకీ రాదు. వేడికి దారి పైకప్పు మీదే ఉంది: రిడ్జ్ వెంటిలేటర్, లేదా పైన ఎగ్జాస్ట్. మెల్లగా తిరుగుతూ ఎక్కువ గాలి కదిపే పెద్ద హెచ్‌వీఎల్‌ఎస్ ఫ్యాన్లు హాయిగా ఉంటాయి కానీ దూలాల మీద పేరుకున్న దుమ్ముని షెడ్డంతా పంచిపెడతాయి. ముందు దుమ్ము సంగతి తేల్చుకుని ఆ తర్వాతే వాటి జోలికి వెళ్లండి. దుమ్ముకి మందుగా గోడ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టడం కూడా ఇలాంటిదే. ప్యానెల్ సా దగ్గర లేచిన దుమ్ము ఆ ఫ్యాన్ చేరేలోపు దారిలో ఉన్నవాళ్లందరి ముక్కులూ దాటి పోవాలి.

బయటికి పోయినంత గాలీ లోపలికి రావాలి, ఇది చాలామంది మర్చిపోతారు. 5,000 సీఎఫ్‌ఎంకి కనీసం ఒకటిన్నర చదరపు మీటర్ల లూవర్లు తెరిచి ఉండాలి. లేకపోతే షట్టర్ వేసిన రోజు కలెక్టర్ ఊపిరాడక స్ప్రే బూత్ నుంచి థిన్నర్ వాసన లోపలికి లాగుతుంది. స్ప్రే బూత్ లెక్కే వేరు. రెండున్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు ముఖానికి సెకనుకి అర మీటరు వేగం కావాలన్నా దానికొక్కదానికే 5,300 సీఎఫ్‌ఎం అవుతుంది. దాని మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంట బయటికి రానివ్వని రకం) అయి ఉండాలి. దాని పైపుని ఎట్టి పరిస్థితిలోనూ డస్ట్ లైన్‌లో కలపకూడదు, థిన్నర్ ఆవిరి కలిసిన చెక్క పొడి విడివిడిగా ఉన్నప్పటికన్నా సులువుగా అంటుకుంటుంది.

విదేశీ క్యాటలాగుల్లో ఫిల్టర్ చేసిన గాలిని తిరిగి షెడ్డులోకి పంపే ఏర్పాటుని గొప్పగా చెప్తారు. అక్కడ చలికాలంలో షెడ్డుని వెచ్చగా ఉంచడానికి డబ్బు పోస్తారు కాబట్టి ఆ గాలి పారేస్తే నష్టం. మనకా గొడవ లేదు. ఏసీ గదిలో సీఎన్‌సీ నడిపేవాళ్లు తప్ప మిగతా అందరూ శుభ్రం చేసిన గాలిని నిశ్చింతగా బయటికే వదిలేయొచ్చు. రిటర్న్ లైన్, దానికి రెండో ఫిల్టర్, దానికి అలారం, ఈ ఖర్చంతా మిగులుతుంది.

నిప్పు

గాల్లో లేచిన చెక్క పొడి మంట తగిలితే కాలడం కాదు, పేలుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2012లో జనవరిలో ఒక సామిల్లు, ఏప్రిల్‌లో ఇంకోటి పేలి ఇద్దరేసి చనిపోయారు. ఇంగ్లండ్‌లోని బోస్లీలో 2015 జూలై 17న చెక్క పిండి మిల్లు పేలి నలుగురు పోయారు. మన దగ్గర, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో నలభై మందికి పైగా ప్రాణాలు తీసిన పేలుడు జరిగిన ఫ్యాక్టరీలో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. అది కూడా చెక్క గుజ్జు నుంచి తీసే మెత్తటి పొడే.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 37వ సెక్షన్ పేలే దుమ్ము గురించే. దుమ్ము పేరుకోనివ్వొద్దు, నిప్పు దగ్గరికి రానివ్వొద్దు అంది. 14వ సెక్షన్ ఇంకో ముక్క చెప్పింది: ఎగ్జాస్ట్ పెడితే దుమ్ము పుట్టే చోటికి ఎంత వీలైతే అంత దగ్గరగా పెట్టు, ఆ చోటుని వీలైనంత మూసెయ్ అని. కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినా ఇంజినీరింగ్ పరంగా దీన్ని మించిన సలహా లేదు.

కాబట్టి కొటేషన్‌లో ఇవి ఉండాలి: డక్ట్ జీఐ (జింకు పూత రేకు) స్పైరల్‌దే, పీవీసీ కాదు, ప్రతి జాయింట్‌కీ ఎర్తింగ్. యాంటీస్టాటిక్ బ్యాగులు. ఫిల్టర్ పెట్టెకి మనుషులు తిరగని వైపు తెరుచుకునే ఎక్స్‌ప్లోజన్ వెంట్. పేలుడు డక్ట్ గుండా షెడ్డులోకి వెనక్కి రాకుండా ఐసొలేషన్ వాల్వ్. శాండర్ లైన్‌కి స్పార్క్ డిటెక్టర్. వీటిలో దేన్నయినా "ఆప్షనల్" అని రాస్తే, రేట్లు పోల్చేటప్పుడు ఆ ఆప్షనల్ కలిపే పోల్చండి. ఇక శనివారం సాయంత్రం ఎయిర్ గన్‌తో దూలాలు ఊదే అలవాటు ఉంటే అది ఆపించండి. దూలాల మీద మూడు మిల్లీమీటర్ల మందం దుమ్ము ఉందంటేనే పేలుడు ముప్పు కింద లెక్క, దాన్ని గాల్లోకి లేపడం ఆ ముప్పుని చేతులారా పిలవడమే.

డబ్బు ఒకేసారి లేకపోతే

చాలామంది పరిస్థితి ఇదే. అప్పుడు వరుస మారాలి. పెద్ద కలెక్టర్ ముందు కొని పాత హోస్‌లకే తగిలించడంకన్నా, ఉన్న కలెక్టర్‌తోనే ముందు హుడ్లు, డక్ట్ బాగుచేయడం మేలు. ప్యానెల్ సా పై గార్డుకి పైపు పెట్టండి, ముడతల హోస్‌ని మెషిన్ దగ్గర ఒక మీటరుకి కుదించండి, టీ జాయింట్ల బదులు ఏటవాలు వై జాయింట్లు, పెద్ద వంపు బెండ్లు వేయించండి, వాడని మెషిన్‌కి స్లైడ్ గేట్ పెట్టండి. మెయిన్ డక్ట్‌ని రేపు రాబోయే 5,000 సీఎఫ్‌ఎంకి సరిపడా వేయిస్తే, ఈరోజున్న చిన్న ఫ్యాన్‌తో అందులో వేగం చాలదు, పొట్టు నిలిచిపోతుంది. కాబట్టి ఈ దశలో బ్రాంచ్ పైపులు మాత్రమే ఫైనల్ సైజులో వేయించండి, మెయిన్ లైన్ కలెక్టర్‌తో పాటు రావాలి. రెండో దశలో శాండర్‌కీ చేతి పనిముట్లకీ వాటి ఫిల్టర్లు, మూడో దశలో సెంట్రల్ బ్యాగ్ ఫిల్టర్. మూడే మెషిన్లతో సరిపెట్టుకునేవాళ్లు మూడో దశ దాకా రాకపోయినా ఏమీ కాదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు పదో వంతు డబ్బు ఆపుకోండి. అన్ని మెషిన్లూ ఒకేసారి నడుస్తుండగా, ప్రతి బ్రాంచ్‌లో గాలి వేగం చూపే పిటాట్ ట్యూబ్ పెట్టి కొలిచి, సెకనుకి 20 మీటర్లు వచ్చినట్టు కాగితం మీద సంతకం చేశాకే ఆ డబ్బు ఇస్తామని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి. మొదటి కొలత కొత్త బ్యాగులతో, రెండో కొలత మూడు నెలలు నడిచాక. రెండో కొలతకి ఒప్పుకోని సప్లయర్‌ని లిస్టులోంచి కొట్టేయండి.